వార్తల గడియారం వేరు, పనుల గడియారం వేరు

వార్తలంటేనే మొహం తిప్పుకునేవాళ్లు పెరుగుతున్నారు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలోని రాయిటర్స్ ఇన్‌స్టిట్యూట్ ఏటా పదుల దేశాల్లో ఒక సర్వే చేస్తుంది. కావాలనే వార్తలకు అప్పుడప్పుడో తరచుగానో దూరంగా ఉంటున్నామని అందులో చెప్పినవాళ్లు 2017లో 29 శాతం, 2025లో 40 శాతం. ఎందుకని అడిగితే వచ్చే జవాబుల్లో మూడు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి: మనసు పాడవుతోంది, మోతాదు ఎక్కువైంది, తెలుసుకుని మాత్రం నేను చేయగలిగేదేముంది?

మొదటి రెండింటికీ చూసే సమయం తగ్గించుకుంటే సరిపోవచ్చు. మూడోదానికి ఆ మందు పనిచేయదు. గంట చూసినా పది నిమిషాలు చూసినా, చూసినదానికీ చేయగలిగినదానికీ మధ్య దారి కనబడనంతకాలం ఆ ప్రశ్న అక్కడే ఉంటుంది. వార్తలకూ పౌరచర్యకూ భవిష్యత్తు మీద ఆశకూ ఉన్న ముడి ఇదే. దీన్ని విప్పాలంటే ముందు మాటల అర్థాలు తేల్చుకోవాలి.

ఆశ, ఆశావాదం ఒకటి కావు

వార్తలు చూడటమంటే పేపరు చదవడం, బులెటిన్ వినడం మాత్రమే కాదు. అడక్కుండానే ఫీడ్‌లో ఎదురయ్యే వీడియోలు, నోటిఫికేషన్లు, గ్రూపుల్లో వచ్చిపడే క్లిప్పులూ అందులో భాగమే. ‘నేను వార్తలు చూడను’ అనేవాళ్లకు కూడా ఈ రెండో రకం బాగానే అందుతుంది. వాళ్లు దాన్ని లెక్కలో వేసుకోరు, అంతే.

నిర్ణయం జరిగే చోట ఏదో ఒకటి మారేలా చేసే పనిని పౌరచర్య అనవచ్చు. ఓటు అందులో ఒకటి. ముసాయిదా మీద అభ్యంతరం రాయడం, స్థానిక పాలకమండలి సమావేశానికి వెళ్లడం, సమాచారం కోరుతూ దరఖాస్తు పెట్టడం, ఒక సంఘంలో చేరి దాని పనిలో పాలుపంచుకోవడం కూడా అందులోవే. పోస్టు షేర్ చేయడం ఈ జాబితాలోకి వస్తుందా రాదా అన్నది పరిశోధకుల మధ్య తెగని తగువు. దాని సంగతి కాసేపట్లో చూద్దాం.

ఆశావాదమంటే ‘అన్నీ సర్దుకుంటాయి’ అన్న అంచనా. దానికి మనం చేయాల్సిందేమీ ఉండదు. ఆశ అలాంటిది కాదు. అమెరికన్ మనస్తత్వవేత్త సి.ఆర్. స్నైడర్ 1991లో దాన్ని కొలవడానికి వీలుగా నిర్వచించారు. ఒక గమ్యం ఉండాలి. దాన్ని చేరే దారి, వీలైతే ఒకటికి రెండు, కనిపించాలి. ఆ దారిలో నేను నడవగలనన్న నమ్మకం ఉండాలి. ఇందులో ఏది లోపించినా మిగిలేది కోరికే. ఈ లెక్కన చూస్తే, పరిస్థితి దారుణంగా ఉందని ఒప్పుకుంటూనే ఆశతో ఉండవచ్చు. అంతా బాగుందని నమ్ముతూ ఆశే లేకుండానూ ఉండవచ్చు.

వార్తలు మనకు ఎక్కువగా ఇచ్చేది ‘ఏం జరిగింది’ అన్న ముక్క. దారి, చేవ అన్న ఆ రెండు భాగాలు వాటిలో అరుదు.

చెడువార్తే ఎందుకు ఎక్కువ

ఇందులో కుట్రేమీ లేదు, ఉన్నది మూడు యంత్రాంగాలు. మొదటిది మనలోనే ఉంది. 2019లో అచ్చయిన పరిశోధనలో 17 దేశాల్లో వెయ్యిమందికి పైగా మనుషులకు వార్తా వీడియోలు చూపించి, గుండె వేగం, చర్మ స్పందన కొలిచారు. సగటున చెడువార్తకే శరీరం ఎక్కువగా కదిలింది. అయితే మనిషికీ మనిషికీ తేడా చాలా ఉంది. మంచివార్తకే ఎక్కువ స్పందించినవాళ్లూ తక్కువేం లేరు.

రెండోది శీర్షికల సంత. అప్‌వర్దీ అనే సైటు ఒకే కథనానికి రకరకాల శీర్షికలు పెట్టి, దేన్ని ఎక్కువమంది నొక్కుతున్నారో పరీక్షించేది. అలాంటి లక్షకు పైగా శీర్షికలను విశ్లేషించిన పరిశోధన 2023లో అచ్చయింది. శీర్షికలో ఒక్క ప్రతికూల పదం పెరిగితే క్లిక్కులు 2.3 శాతం పెరిగాయి. సానుకూల పదం పెరిగితే తగ్గాయి. 2.3 అంటే చిన్న అంకెలానే ఉంటుంది. రోజుకు వందల శీర్షికలు రాసే చోట ఏ పదం మిగులుతుందో, ఏది రాలిపోతుందో తేల్చడానికి అది చాలు.

మూడోదాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. నన్నడిగితే అసలైంది అదే. 1965లో నార్వే పరిశోధకులు జొహాన్ గాల్టుంగ్, మారీ రూగె ఏది వార్త అవుతుందో పరిశీలించి పన్నెండు లక్షణాలు చెప్పారు. వాటిలో మొదటిది కాల పరిమాణం. పత్రిక అచ్చయ్యే వ్యవధిలో మొదలై ముగిసే సంఘటన వార్తగా ఇట్టే ఇముడుతుంది. భవనం కూలడానికి క్షణాలు చాలు. అది కట్టడానికి మూడేళ్లు పడుతుంది, ఆ మూడేళ్లలో ‘ఈరోజు జరిగింది’ అని చెప్పుకోదగ్గ రోజు ఉండదు.

ఒక ఉదాహరణ. ఐక్యరాజ్యసమితి అంచనాల ప్రకారం 1990లో పుట్టిన ప్రతి వెయ్యిమంది పిల్లల్లో 93 మంది అయిదేళ్లు నిండకముందే చనిపోయేవారు. 2022లో ఆ సంఖ్య 37. ముప్పై రెండేళ్లలో ఏ ఒక్క రోజూ ఇది పతాక శీర్షిక కాలేదు, అయ్యే వీలూ లేదు. ఇదే అంకెను రెండోవైపు నుంచి చూడండి: 2022లో 49 లక్షల మంది పిల్లలు చనిపోయారు, రోజుకు దాదాపు 13,400 మంది. ఇదీ ఏ రోజూ పతాక శీర్షిక కాలేదు. రోజువారీ వార్తకు అందకుండా పోయేది మంచి ఒక్కటే అనుకుంటే పొరపాటు. నెమ్మదిగా జరిగేది ఏదైనా, మంచైనా చెడైనా, దాని వలలోంచి జారిపోతుంది.

మోతాదు దాటితే ఏమవుతుంది

2013 ఏప్రిల్‌లో బోస్టన్ మారథాన్ వద్ద బాంబులు పేలాయి. రెండు నుంచి నాలుగు వారాల తర్వాత 4,675 మందిని ప్రశ్నించిన పరిశోధనలో ఒక వింత తేలింది. పేలుళ్ల తర్వాతి వారంలో రోజుకు ఆరు గంటలు, ఆపైన ఆ వార్తలే చూసినవాళ్లలో తీవ్ర ఒత్తిడి లక్షణాలు పేలుడు జరిగిన చోట ఉన్నవాళ్లకంటే ఎక్కువగా కనిపించాయి. వార్తల వల్లే ఒత్తిడి వచ్చిందా, ఒత్తిడికి లోనయ్యే స్వభావం ఉన్నవాళ్లే ఎక్కువ చూశారా అన్నది ఈ ఒక్క పరిశోధనతో తేలదు. అదే బృందం మనుషులను మూడేళ్లపాటు వెంబడించి చూస్తే రెండూ నిజమే అనిపించింది. ఎక్కువ చూడటం వల్ల కలవరం, కలవరం వల్ల ముందుముందు ఏమవుతుందోనన్న బెంగ, ఆ బెంగ వల్ల తర్వాతి విపత్తు వచ్చినప్పుడు ఇంకా ఎక్కువ చూడటం. గానుగెద్దు తిరుగుడు.

అలాగని పూర్తిగా మానేస్తే? 2018 అమెరికా మధ్యంతర ఎన్నికల ముందు నాలుగు వారాలపాటు కొందరి ఫేస్‌బుక్ ఖాతాలను ఆపించి ఒక ప్రయోగం చేశారు. రోజుకు సగటున గంట సమయం మిగిలింది. మనసు కుదుటపడింది, కొద్దిగానే. రాజకీయ విభేదాల పదును తగ్గింది. దాంతోపాటు వార్తల పరిజ్ఞానమూ తగ్గింది. మిగిలిన గంటలో కొంత టీవీ ముందు గడిచింది, కొంత స్నేహితులతో, ఇంటివాళ్లతో గడిచింది. చూడటం తగ్గిస్తే ఖాళీ దొరుకుతుంది కానీ, ఆ ఖాళీ దానంతటదే పౌరచర్యగా మారిపోదు.

ఒక కూడలి, రెండు గడియారాలు

ఒక బడి ముందు కూడలి అనుకుందాం. దాటుతున్న పిల్లవాణ్ని కారు గుద్దింది. వార్తల గడియారం ఇలా నడుస్తుంది: మొదటిరోజు సీసీ కెమెరా దృశ్యం, రెండోరోజు తల్లిదండ్రుల రోదన, రోడ్డు మీద ధర్నా, మూడోరోజు మంత్రి హామీ. నాలుగోరోజు మరో ఊరు, మరో సంఘటన. ఈ మూడు రోజుల్లో ఒక మనిషి ఆ వీడియోను పాతికసార్లు చూసి ఉండవచ్చు. పాతికోసారి చూసినప్పుడు కొత్తగా తెలిసింది సున్నా.

పనుల గడియారం దీనికి పూర్తిగా వేరు. దాని మొదటి ముల్లు ‘ఈ రోడ్డు ఎవరిది’ అన్న ప్రశ్న. స్థానిక సంస్థదా, రహదారుల శాఖదా? చాలా వినతిపత్రాలు ఇక్కడే దారి తప్పుతాయి. రోడ్డు తమది కాని కార్యాలయంలో ఇచ్చిన కాగితం ‘సంబంధిత శాఖకు పంపాం’ అన్న ముద్రతో నెలల తరబడి తిరుగుతుంది. తర్వాతి ప్రశ్న, గత అయిదేళ్లలో అక్కడ ఎన్ని ప్రమాదాలు నమోదయ్యాయి? ఆ తర్వాత, బండ్లు అసలు ఎంత వేగంతో వెళ్తున్నాయి?

వేగం కొలవడానికి ఇంజనీర్లకు ఒక పద్ధతి ఉంది. రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు, అడ్డు లేకుండా పోతున్న వంద బండ్ల వేగాలు నమోదు చేస్తారు. తక్కువ నుంచి ఎక్కువకు వరుసలో పేర్చి ఎనభై అయిదో అంకె చూస్తారు. దాన్ని 85వ శాతాంశ వేగం అంటారు. వేగ పరిమితి బోర్డు మీద 30 అని ఉండి, ఈ అంకె 50 వస్తే, బోర్డు ఉన్నా లేనట్టే అని అర్థం.

ఆ రెండు అంకెల మధ్య ఏముందో లెక్క వేసి చూడండి. డ్రైవరు చూసి బ్రేకు నొక్కడానికి ఒక సెకను పడుతుందని, పొడి రోడ్డు మీద బ్రేకు పడ్డాక ప్రతి సెకనులోనూ వేగం సెకనుకు 7 మీటర్ల చొప్పున తగ్గుతుందని అనుకుందాం. గంటకు 30 కిలోమీటర్ల వేగంలో ఆ సెకనులో బండి 8.3 మీటర్లు పోతుంది, బ్రేకు పడ్డాక ఇంకో 5 మీటర్లు. మొత్తం 13.3 మీటర్లలో ఆగిపోతుంది. గంటకు 50లో ఆ సెకనులోనే 13.9 మీటర్లు పోతుంది. అంటే మొదటి బండి పూర్తిగా ఆగిపోయిన చోట రెండో బండికి ఇంకా బ్రేకే పడలేదు. ఆ పిల్లవాణ్ని అది పూర్తి వేగంతో గుద్దుతుంది.

ఈ ఒక్క లెక్కతో దుఃఖం దారి అవుతుంది. కోరాల్సింది ‘కఠిన చర్యలు’ కాదు, బండ్ల వేగాన్ని 30కి దించేలా, నడిచేవాళ్లు రోడ్డు దాటే చోటును ఎత్తు చేసి కట్టే దాటుబాటో, రోడ్డు వెడల్పు తగ్గింపో. దానికి అంచనా వేయించాలి, బడ్జెట్‌లో కేటాయింపు రావాలి, టెండరు పిలవాలి. ఇక్కడ గడువులు నిర్దయగా ఉంటాయి. ఆర్థిక సంవత్సరం మొదలవడానికి నెలల ముందే ప్రతిపాదనలు తీసుకుంటారు. ఆ కిటికీ మూసుకుపోతే మళ్లీ ఏడాది ఆగాలి. చట్టాలదీ ఇదే తీరు. ముసాయిదా దశలో ఒక పదం మార్చడం సులువు, కానీ అప్పుడు దాని గురించి ఎక్కడో లోపలి పేజీలో నాలుగు వాక్యాలే వస్తాయి. ఓటింగ్ రోజున ప్రత్యక్ష ప్రసారాలు ఉంటాయి, మార్చగలిగేది ఏమీ మిగలదు. వార్త మోత తారస్థాయిలో ఉన్నప్పుడు పౌరుడి పట్టు తరచు కిందిస్థాయిలో ఉంటుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మన అలసత్వం వల్లనే కాదు, సమాచారం అందే తీరు వల్ల కూడా.

నిస్సహాయత గురించి శాస్త్రం మాట మార్చింది

1967లో మనస్తత్వవేత్తలు మార్టిన్ సెలిగ్‌మన్, స్టీవెన్ మయర్ కుక్కల మీద చేసిన ప్రయోగాల నుంచి ‘నేర్చుకున్న నిస్సహాయత’ అన్న భావన పుట్టింది. తప్పించుకోలేని బాధ పదే పదే ఎదురైతే, తప్పించుకునే వీలు వచ్చినా ప్రయత్నించరన్నది దాని సారం. వార్తల గురించి మాట్లాడేవాళ్లు దీన్ని ఇప్పటికీ ఉదహరిస్తుంటారు. అయితే ఆ ఇద్దరే దాదాపు యాభై ఏళ్ల తర్వాత, 2016లో, మెదడు మీద జరిగిన పరిశోధనలను చూసి సిద్ధాంతాన్ని తిరగేశారు. దీర్ఘకాలం సాగే బాధకు చతికిలబడిపోవడం మెదడుకు పుట్టుకతో వచ్చిన స్పందనే, దాన్ని నేర్చుకోనక్కర్లేదు. నేర్చుకునేది దాని అవతలిది: ‘నా చేతల వల్ల ఇది మారుతోంది’ అన్న ఎరుక.

ఈ మార్పు మన విషయంలో చాలా పెద్దది. నిస్సహాయత నేర్చుకున్నదే అయితే, చెడువార్తలు ఆపేస్తే పోవాలి. పట్టు అనేది నేర్చుకోవాల్సిందైతే, వార్తలు ఆపినంత మాత్రాన అది రాదు. ఎక్కడో ఒకచోట చేసిన పనికి ఫలితం కనబడాలి. పెట్టిన దరఖాస్తుకు జవాబు రావడం, అడిగిన ప్రశ్న సమావేశపు మినిట్స్‌లో ఎక్కడం వంటి చిన్నవైనా సరే.

షేర్ చేస్తే చేసినట్టేనా

పాల్ లాజర్స్‌ఫెల్డ్, రాబర్ట్ మెర్టన్ అనే సామాజిక శాస్త్రవేత్తలు 1948లోనే, టీవీ ఇంకా ఇళ్లలోకి సరిగా రాకముందే, ఒక హెచ్చరిక చేశారు. సమస్య గురించి తెలుసుకోవడాన్నే సమస్య గురించి ఏదో చేయడంగా జనం పొరబడతారని, సమాచారం మత్తుమందులా పనిచేస్తుందని. ఇప్పుడు రాజకీయ శాస్త్రవేత్త ఐటన్ హర్ష్ దీన్నే రాజకీయ కాలక్షేపం అంటున్నారు. ఆట చూసినట్టు రాజకీయాలు చూడటం, స్కోరు తెలుసుకోవడం, మైదానంలోకి మాత్రం దిగకపోవడం.

దీనికి ప్రయోగ ఆధారం కూడా ఉంది, కాకపోతే ఒక మెలికతో. 2014లో వచ్చిన ఒక పరిశోధనలో, ఒక లక్ష్యానికి చిన్నపాటి మద్దతును నలుగురికీ కనబడేలా చూపినవాళ్లు, తర్వాత కష్టమైన సాయం అడిగితే అంతగా ముందుకు రాలేదు. ఎవరికీ కనబడకుండా అదే మద్దతు తెలిపినవాళ్లు ఎక్కువగా వచ్చారు. మంచివాడిననిపించుకోవడం ముందే అయిపోతే, పని చేయాల్సిన తొందర తగ్గుతుందన్నమాట.

63 దేశాల్లో దాదాపు 60 వేల మందితో వాతావరణ మార్పు మీద జరిగి, 2024లో అచ్చయిన పరిశోధన ఇంకా సూటిగా ఉంది. భయంకరమైన భవిష్యత్తును చూపించే సందేశం సమాచారాన్ని షేర్ చేయించడంలో మిగతా అన్నిటినీ మించింది. కాస్త శ్రమతో కూడిన పని చేస్తే మొక్కలు నాటిస్తామని చెప్పి చూస్తే, పరీక్షించిన పదకొండు పద్ధతుల్లో ఏదీ ఆ శ్రమను పెంచలేదు. కొన్నయితే తగ్గించాయి. భయం వేళ్లను కదిలిస్తుందని దీన్నిబట్టి అనుకోవచ్చు. కాళ్లను కదిలిస్తుందా అన్నది మరో ప్రశ్న.

అయినా షేరింగ్‌ను పూర్తిగా కొట్టిపారేయడం అన్యాయం. ఒక ముసాయిదా మీద అభ్యంతరాల గడువు ఎల్లుండితో ముగుస్తోందన్న సంగతి, కాగితం ఎక్కడ ఇవ్వాలన్న వివరంతో సహా గ్రూపులో పెడితే, అది పనిలో భాగమే. అందులో దారి ఉంది. అదే ‘సిగ్గుచేటు, అందరికీ పంపండి’ అన్న సందేశంలో లేదు.

తగ్గించాలా, గమనిస్తూ ఉండాలా: ఎవరి వాదన ఏమిటి

వార్తలు చూడటం పౌరుడి బాధ్యత అనేవాళ్ల దగ్గర బలమైన సాక్ష్యం ఉంది. అమెరికాలో సిన్సినాటీ పోస్ట్ అనే పత్రిక 2007 చివరి రోజున మూతపడింది. అది ఎక్కువగా కవర్ చేసిన ఊళ్లలో ఆ తర్వాత స్థానిక ఎన్నికల్లో పోటీచేసేవాళ్లు తగ్గారు, పోలింగ్ పడిపోయింది, పదవిలో ఉన్నవాళ్లు గెలిచే అవకాశం పెరిగింది. అంకెల్లో అనిశ్చితి ఉందని పరిశోధకులే ఒప్పుకున్నా, మొగ్గు ఎటో తెలుస్తూనే ఉంది. ఎవరూ చూడని చోట అధికారం సుఖపడుతుంది.

అన్నీ అందరూ చూడాలనడం అసాధ్యమని మరో వర్గం. పౌరుడు కావలివాడిలా చుట్టూ ఓ కన్నేసి ఉంచితే చాలు, ప్రమాదం కనబడ్డప్పుడు కదిలితే చాలని అమెరికన్ మీడియా పరిశోధకుడు మైకేల్ షడ్‌సన్ 1998లో వాదించారు. రాజకీయ శాస్త్రవేత్త జాన్ జాలర్ ఇంకో అడుగు ముందుకేసి, వార్త దొంగల అలారంలా ఉండాలన్నారు: అవసరమైనప్పుడే గట్టిగా మోగాలి. దీనికి మరో రాజకీయ శాస్త్రవేత్త లాన్స్ బెనెట్ ఇచ్చిన జవాబు నేటి బ్రేకింగ్ న్యూస్‌కు అతికినట్టు సరిపోతుంది. అలారం ఆగకుండా మోగుతూనే ఉంటే ఇక దొంగ వచ్చినట్టు తెలిసేదెలా?

మంచివార్తలు కలిపితే సరి అన్నది మూడో మాట. ఇందులో రెండు రకాలున్నాయి, వాటిని ఒకే గాట కట్టకూడదు. తప్పిపోయిన కుక్కపిల్ల దొరికిందన్న ముచ్చట మనసుకు కాసేపు విశ్రాంతి, అంతే. పరిష్కారాల జర్నలిజం అనేది వేరు. సమస్యకు ఎవరు ఏం ప్రయత్నించారు, ఎంత పనిచేసింది, రుజువేమిటి, ఎక్కడ విఫలమైంది అన్న నాలుగూ అందులో ఉండాలి. ఆ చివరిది లేకపోతే అది ప్రకటన. స్వీడన్ పరిశోధకురాలు మరియా ఒయాలా 2012లో యువత మీద చేసిన పనిలోనూ ఇలాంటి చీలికే కనబడింది. సమస్యను చిన్నచేసి చూడటం నుంచి పుట్టిన ఆశ ఉన్నవాళ్లు పర్యావరణం కోసం తక్కువ చేశారు, సమస్యను ఒప్పుకుని దారులు చూడటం నుంచి పుట్టిన ఆశ ఉన్నవాళ్లు ఎక్కువ చేశారు.

వీటన్నిటి అడుగున మరో అభ్యంతరం ఉంది. వార్తలు ఆపుకోవడం అందరికీ అందే సౌకర్యం కాదు. తన ఇంటి మీదుగా రోడ్డు పోతుందో లేదో తెలియనివాడికి ఆ వార్త బెంగ కాదు, అవసరం. సమతూకం గురించి ఎవరు ఎవరికి చెప్తున్నారన్నదాన్నిబట్టి ఆ సలహా రుచి మారుతుంది.

గంటల్లో లెక్క

రోజుకు 90 నిమిషాలు వార్తలకు పోతున్నాయనుకుందాం. వారానికి 630 నిమిషాలు, అంటే పదిన్నర గంటలు. ఒకరోజు రాసిపెట్టుకుని చూస్తే, అందులో 20 నిమిషాలు ముఖ్యాంశాలు, 25 నిమిషాలు ఒకటి రెండు కథనాలు నిండుగా చదవడం, మిగిలిన 45 అప్పటికే తెలిసిన సంగతిని మళ్లీ మళ్లీ చూడటం అని తేలిందనుకుందాం. ఆ మూడో భాగం నెలకు 1,350 నిమిషాలు, ఇరవై రెండున్నర గంటలు.

ఎదురుగా పౌరచర్య ఖర్చు: పాలకమండలి నెలవారీ సమావేశం రెండు గంటలు, అజెండా చదవడానికి అరగంట, ఒక ముసాయిదా చదివి రెండు పేజీల అభ్యంతరం రాయడానికి మూడు గంటలు, ఒక శాఖ నుంచి జవాబు కోసం తిరగడానికి గంట. మొత్తం ఆరున్నర గంటలు. పునరావృతానికి పోయే సమయంలో మూడోవంతు కూడా కాదు. అంటే చాలామంది విషయంలో అసలు కొరత సమయానిది కాదు. ఎక్కడ, ఎప్పుడు, ఎవరిని అడగాలన్న వివరానిది.

ఈ లెక్క తప్పే చోట్లూ ఉన్నాయి. ఆరున్నర గంటలూ ఒక్కరే మోస్తే ఆరు నెలల్లో అలసిపోతారు. అయిదుగురు పంచుకుంటే మనిషికి గంటన్నర లోపే. ఒకేసారి అయిదు సమస్యలు నెత్తిన వేసుకున్నవాళ్లకు దేనిలోనూ ఫలితం కనబడేంత దూరం వెళ్లడం కుదరదు, కాబట్టి పట్టు అన్న ఎరుకా పుట్టదు. కోరిక మరీ వదులుగా ఉంటే, ‘భద్రత మెరుగుపరచాలి’ అన్నట్టు, అధికారి ‘పరిశీలిస్తాం’ అని ముగించేస్తాడు. 85వ శాతాంశ వేగం 50 అని కాగితం మీద ఉంటే ఆ ఒక్క మాటతో ముగించడం కష్టం.

గెలుపు వార్త కాకపోవడం

ఓజోన్ కథ పూర్తిగా తెలిసినవాళ్లు తక్కువ. స్ప్రే డబ్బాల్లో, ఫ్రిజ్‌లలో వాడే క్లోరోఫ్లోరోకార్బన్లు ఓజోన్‌ను తింటాయని మారియో మొలీనా, షెర్వుడ్ రోలండ్ 1974లో చెప్పారు. అంటార్కిటికా మీద రంధ్రం గురించి 1985లో బయటపడింది. 1987లో మాంట్రియల్ ఒప్పందం మీద సంతకాలు, 1989 నుంచి అమలు. ఓజోన్ పొర 1980 నాటి స్థితికి ప్రపంచంలో ఎక్కువ భాగంలో 2040 నాటికి, అంటార్కిటికా మీద 2066 నాటికి చేరుతుందని 2023 జనవరిలో ఐక్యరాజ్యసమితి నిపుణులు అంచనా వేశారు. రంధ్రం కనబడ్డప్పుడు ప్రపంచమంతా మోగిపోయింది. పూడుకుంటున్న కబురు ఒకటి రెండు రోజులు వచ్చి వెళ్లింది.

మన కూడలికి వస్తే, స్వీడన్ పార్లమెంటు 1997లో రోడ్ల మీద చావులు సున్నా కావాలన్న విధానాన్ని ఆమోదించింది. పొరుగుదేశం నార్వే రాజధాని ఓస్లోలో 1975లో 41 మంది రోడ్డు ప్రమాదాల్లో చనిపోయారు. 2019లో ఒక్కరు, అదీ కారు నడిపే మనిషి. ఆ ఏడాది అక్కడ నడిచేవాళ్లు గానీ సైకిల్ తొక్కేవాళ్లు గానీ ఒక్కరూ చనిపోలేదు. వేగాలు తగ్గించారు, పార్కింగ్ తీసేసి కాలిబాటలకూ సైకిళ్లకూ చోటు ఇచ్చారు. అన్నీ సమావేశాల్లో, అజెండాల్లో, కేటాయింపుల్లో జరిగిన పనులే.

బడి ముందు దాటుబాట వేశాక కూడా జరిగేది ఇంతే. అక్కడ ఆగిన బండి వీడియో ఎవరూ తీయరు. అది పనిచేసిందో లేదో తెలియాలంటే మళ్లీ వంద బండ్ల వేగాలు నమోదు చేసి ఎనభై అయిదో అంకె చూడాలి. ప్రమాదాల రిజిస్టర్‌లో ఆ కూడలి పేరు ఎదురుగా ఈ ఏడాది గడి ఖాళీగా ఉందేమో చూడాలి.